మల్టీగన్‌కి రైఫిల్: 16 అంగుళాల బ్యారెలా, 18 అంగుళాలదా? స్కోపు, జీరో, గ్యాస్ సందేహాలు

కొత్తగురి:

నమస్కారం అండీ. మల్టీగన్‌కి (రైఫిల్, పిస్టల్, షాట్‌గన్ మూడిటితో ఆడే షూటింగ్ పోటీ) పిస్టల్, షాట్‌గన్ సిద్ధంగా ఉన్నాయి, రైఫిల్ ఒక్కటే మిగిలింది. ఏఆర్-15 తరహాలో, .223/5.56 క్యాలిబర్‌లో తీసుకోవాలన్నది ఖాయం. రెండిటి దగ్గర ఆగిపోయాను.

మొదటిది 16 అంగుళాల బ్యారెల్, మిడ్-లెంగ్త్ గ్యాస్, మామూలు గ్యాస్ బ్లాకు (బ్యారెల్ నుంచి గ్యాస్ తీసి వెనక్కి పంపే భాగం), మామూలు బోల్ట్ క్యారియర్ (ఆ గ్యాస్‌తో వెనక్కి కదిలే భాగం), ట్విస్ట్ 1:7 (7 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గాడి).

రెండోది 18 అంగుళాల బ్యారెల్, రైఫిల్-లెంగ్త్ గ్యాస్, అడ్జస్టబుల్ గ్యాస్ బ్లాకు, తేలిక క్యారియర్, ట్విస్ట్ 1:8, .223 వైల్డ్ చాంబర్ (.223, 5.56 రౌండ్లు రెండూ వాడగలిగేది).

స్టేజీల్లో 5 నుంచి 30 గజాల లోపు కాగితం టార్గెట్లు వరసగా వస్తాయి, ఆ వెంటనే 200–300 గజాల్లో ఉక్కు పలకలు. ఎప్పుడైనా 400 కూడా పెడతారు. స్కోపు 1-6 (1 నుంచి 6 రెట్ల జూమ్) సెకండ్ ఫోకల్ ప్లేన్ మంచిదా, 1-8 ఫస్ట్ ఫోకల్ ప్లేన్ మంచిదా? జీరో (గురి, బుల్లెట్ పడే చోటు కలిసే దూరం) 50 గజాలకి పెట్టాలా, 100కా? 55 గ్రెయిన్ (బుల్లెట్ బరువు కొలత) ఒక్కటే చాలా? అర ఎం.ఓ.ఏ. (బుల్లెట్లు ఎంత దగ్గరగా పడతాయో చెప్పే కోణపు కొలత) గ్రూపు ఇచ్చే బ్యారెల్ కోసం ఎక్కువ ఖర్చు పెట్టడం అవసరమా?

ఉక్కుపలక:

బ్యారెల్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు ఏ డివిజన్‌లో ఆడతారో తేల్చుకోండి. రైఫిల్ మీద ఏం ఉండొచ్చో, ఏం ఉండకూడదో అదే చెబుతుంది. యూఎస్‌పీఎస్‌ఏ (అమెరికా ప్రాక్టికల్ షూటింగ్ సంఘం) మల్టీగన్‌లో టాక్టికల్ అంటే రైఫిల్ మీద ఒకే ఒక్క ఆప్టిక్, బైపాడ్ ఉండకూడదు. లిమిటెడ్‌లో ఐరన్ సైట్లు గానీ, పెద్దది చేసి చూపించని ఆప్టిక్ గానీ. స్కోపుతో పాటు పక్కన 45 డిగ్రీల్లో రెడ్ డాట్ కూడా కావాలంటే ఓపెన్‌కి పోవాల్సిందే. టాక్టికల్, లిమిటెడ్ రెండిటిలోనూ మజిల్ బ్రేకు (బ్యారెల్ కొసన బిగించే, తన్ను తగ్గించే భాగం) 1 అంగుళం వ్యాసం, 3 అంగుళాల పొడవు దాటకూడదు. హెవీ మెటల్ అయితే .308 రైఫిల్, అది వేరే కథ. సొంత నిబంధనలతో నడిచే పోటీలు కూడా చాలా ఉన్నాయి, కాబట్టి మీరు ఆడబోయే పోటీ రూల్ బుక్ చదివాకే విడి భాగాలు కొనండి. మీ వివరణను బట్టి మీది టాక్టికల్ అనుకుని రాస్తున్నాను.

ఇప్పుడు అర ఎం.ఓ.ఏ. ప్రశ్న. అవసరం లేదు. 1 ఎం.ఓ.ఏ. అంటే 100 గజాల దగ్గర ఒక అంగుళం కంటే కాస్త ఎక్కువ. 1.5 ఎం.ఓ.ఏ. రైఫిల్ 400 గజాల దగ్గర 6 అంగుళాల పైచిలుకు గ్రూపు ఇస్తుంది, 10 అంగుళాల పలకకు అది చాలు. 3 ఎం.ఓ.ఏ. రైఫిల్ అయితే అదే దూరంలో 12 అంగుళాలు దాటుతుంది. అప్పుడు మీ తప్పు లేకుండానే బుల్లెట్లు పలక పక్కనుంచి పోతాయి, తప్పు గాలిదో చేతిదో రైఫిల్‌దో తెలియదు. అందుకే 1.5 లోపు ఉంటే చాలు, 1 వస్తే సంతోషం. అంతకు మించి పెట్టే డబ్బు ట్రిగ్గర్ మీద, స్కోపు మీద, అన్నిటికంటే ముందు సాధన చేసే మందుగుండు మీద పెట్టండి. చాలా పోటీల్లో దగ్గరి కాగితానికి ఒక ఏ-జోన్ (టార్గెట్ మధ్య భాగం) హిట్ గానీ, ఎక్కడైనా రెండు హిట్లు గానీ ఉంటే చాలు. అక్కడ బ్యారెల్ నాణ్యత స్కోరులో కనిపించనే కనిపించదు.

ట్విస్ట్ విషయంలో 1:8, 1:7 రెండూ పనికొస్తాయి, 55 నుంచి 77 గ్రెయిన్ దాకా రెండూ తిప్పగలవు. 1:9 ఒక్కటి వద్దు. 69 గ్రెయిన్ దగ్గరే అది అంచుమీద ఉంటుంది, 77ని నమ్మలేం. చాంబర్ 5.56 అయినా వైల్డ్ అయినా పర్వాలేదు. .223 రెమింగ్టన్ చాంబర్ ఉన్న బ్యారెల్ అయితే 5.56 రౌండ్లు వాడకండి. దాని గొంతు (బుల్లెట్ గాడులను తాకేలోపు ఉండే ఖాళీ) పొట్టిది, ప్రెషర్ పెరుగుతుంది.

ఈ రెండిట్లో నా ఓటు రెండోదానికి. పొడవు వల్ల వచ్చే వేగం కోసం కాదు, రెండంగుళాలకు దక్కేది సెకనుకు 50 అడుగుల చుట్టుపక్కలే. గ్యాస్ కోసం. ఆ సంగతి గ్యాస్‌ట్యూబ్ గారు నాకంటే బాగా చెప్పగలరు.

గ్యాస్‌ట్యూబ్:

రైఫిల్-లెంగ్త్‌లో గ్యాస్ పోర్టు చాంబర్‌కి దూరంగా ఉంటుంది. బుల్లెట్ అక్కడికి చేరేసరికి ప్రెషర్ తగ్గి ఉంటుంది, కాబట్టి క్యారియర్ మీద పడే దెబ్బ మెత్తగా ఉంటుంది. కార్బైన్-లెంగ్త్‌లో ఇదంతా దాదాపు 7 అంగుళాల దగ్గరే జరుగుతుంది, మిడ్‌లో 9 దగ్గర, రైఫిల్‌లో 12–13 దగ్గర.

వేగంగా రెండు షాట్లు వేసేటప్పుడు డాట్ (స్కోపులోని గురిచుక్క) వైపు చూడండి. గ్యాస్ ఎక్కువైన రైఫిల్‌లో డాట్ పైకి లేస్తుంది, దిగుతూ టార్గెట్ మధ్యను దాటి కిందికి పోతుంది, మళ్లీ పైకి వచ్చి అప్పుడు ఆగుతుంది. ఆ రెండో కదలిక బోల్ట్ ముందుకొచ్చి మూసుకోవడం వల్ల వస్తుంది. సరిగ్గా ట్యూన్ చేసిన రైఫిల్‌లో డాట్ కొద్దిగా లేచి, లేచిన చోటికే వచ్చి ఆగుతుంది. మల్టీగన్‌లో రెండో షాట్ ఎంత త్వరగా వేయగలరో తేలేది ఇక్కడే.

అడ్జస్టబుల్ బ్లాకు ట్యూన్ చేసే పద్ధతి ఇది. మీరు పోటీలో వాడే రౌండ్లలో అన్నిటికంటే బలహీనమైనది తీసుకోండి. రైఫిల్‌కి సరిపడా ఆయిల్ పెట్టండి, కానీ కొత్తగా తుడిచి మెరిపించి కాదు, కొన్ని పదుల రౌండ్లు కాల్చి మసి పట్టాక. గ్యాస్ దాదాపు మూసేయండి. మ్యాగజీన్‌లో ఒక్క రౌండు పెట్టి కాల్చండి, బోల్ట్ వెనక నిలవదు. ఒక క్లిక్ తెరిచి మళ్లీ ఒక్క రౌండు. బోల్ట్ వెనక నిలిచిన చోట ఆగి, అదే సెట్టింగులో వరసగా 5 సార్లు చూడండి. ఐదుకి ఐదూ నిలిస్తే అక్కణ్నుంచి ఇంకో రెండు క్లిక్‌లు తెరవండి. ఈ రెండు క్లిక్‌లే చలికి, మసికి, దుమ్ముకి మీరు ఉంచుకునే మార్జిన్. చాలామంది ఈ మార్జిన్ వదిలేసి, చేతికి మెత్తగా ఉందని అంచున ఆపేస్తారు. సాధనలో బాగా నడుస్తుంది, దుమ్ము లేచే స్టేజ్ మధ్యలో బోల్ట్ సగం దాకా వచ్చి ఖాళీ కేసింగ్‌ని నొక్కేస్తుంది. ఒక జామ్ తీయడానికి పోయే క్షణాలు, మెత్తని రికాయిల్‌తో స్టేజ్ మొత్తంలో మిగిలే క్షణాల కంటే ఎక్కువ.

ఖాళీ కేసింగ్ ఎటు పడుతోందో కూడా చూడండి. మజిల్ 12 గంటల వైపు ఉందనుకుంటే, 1–2 గంటల వైపు విసిరితే సాధారణంగా గ్యాస్ ఎక్కువ. 4–5 వైపు నీరసంగా పడితే తక్కువ. కానీ ఎజెక్టర్ స్ప్రింగ్, ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగ్ బలాన్ని బట్టి ఇది మారుతుంది కాబట్టి దీన్ని సాక్ష్యంగా వాడండి, తీర్పుగా కాదు. కేసింగ్ అడుగున ఎజెక్టర్ గీసిన మెరుపు గుర్తులు, రిమ్ లాగినట్టు వంగడం కనిపిస్తే గ్యాస్ ఎక్కువై బోల్ట్ తొందరగా తెరుచుకుంటోందని అనుమానించాలి. రౌండే ఎక్కువ ప్రెషర్‌దైనా ఇవే గుర్తులు వస్తాయి, అది కూడా చూసుకోండి.

తేలిక క్యారియర్‌కి నేను వ్యతిరేకం కాదు. మామూలు క్యారియర్ దాదాపు 11.5 ఔన్సులు, తేలికవి 8–9 ఔన్సుల్లో దొరుకుతాయి. అటూ ఇటూ కదిలే బరువు తగ్గితే డాట్ తక్కువ ఊగుతుంది. కానీ తేలిక క్యారియర్‌ని గ్యాస్ తగ్గించకుండా వాడితే అది మరీ వేగంగా వెనక్కి పోతుంది. మ్యాగజీన్ స్ప్రింగ్ రౌండుని పైకి నెట్టేలోపే బోల్ట్ దాని మీదుగా ముందుకొచ్చేస్తుంది. బఫర్ (క్యారియర్ వెనక దెబ్బను ఆపే బరువు) కూడా దానికి జతగా ఉండాలి. మామూలు కార్బైన్ బఫర్ 3 ఔన్సులు, తేలిక క్యారియర్‌తో అక్కడే మొదలుపెట్టండి. క్యారియర్, బఫర్, గ్యాస్ మూడిట్లో ఏది మార్చినా పై పద్ధతి మళ్లీ మొదటినుంచి చేయాలి.

ఇంకొకటి. గ్యాస్ బ్లాకు స్క్రూ మసికి పట్టేసుకుంటుంది. వందల రౌండ్లకోసారి రెండు వైపులా ఒకటి రెండు క్లిక్‌లు కదిపి తిరిగి అక్కడే పెట్టండి. మూసిన స్థితి నుంచి ఎన్ని క్లిక్‌లో కాగితం మీద రాసుకోండి.

తేలికబరువు:

16 అంగుళాలదాన్ని అంత తేలిగ్గా తీసేయకండి. మిడ్-లెంగ్త్ గ్యాస్‌తో మంచి బ్రేకు పెడితే తేడా మీరనుకున్నంత ఉండదు. దాని గ్యాస్ బ్లాకు మార్చుకోవడం పెద్ద పని కాదు. తలుపు చట్రాల్లోంచి, కిటికీ రంధ్రాల్లోంచి కాల్చే స్టేజీల్లో రెండంగుళాల పొడవు, మజిల్ దగ్గర పెరిగే ఆ కొంచెం బరువు చేతికి తెలుస్తాయి. స్కోపుతో కలిపి 8 పౌన్ల చుట్టుపక్కల, బరువు ముందుచేతి వైపు కాకుండా మ్యాగజీన్ వెల్ దగ్గర నిలిచేలా ఉంటే టార్గెట్ మీద సరిగ్గా ఆగుతుంది. ఏది కొన్నా హ్యాండ్‌గార్డ్ 15 అంగుళాలది, బ్యారెల్‌ని తాకని ఫ్రీ-ఫ్లోట్ రకం ఉండాలి. బారికేడ్ మీద ఆనించేది హ్యాండ్‌గార్డ్‌నే గాని బ్యారెల్‌ని కాదు. బ్యారెల్ దేన్నైనా తాకితే 300 గజాల్లో పలక తప్పిపోతుంది.

పెన్సిల్ బ్యారెల్ (మరీ సన్నటిది) మాత్రం వద్దు. 30 రౌండ్లు గబగబా కాల్చి వేడెక్కాక దూరపు పలకలకు వస్తారు, సరిగ్గా అప్పుడే గురి జరుగుతుంది. మధ్యరకం మందం తీసుకోండి.

కొత్తగురి:

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలండీ. తేలికబరువు గారూ, మీరన్నది నిజమే, పొడవు సంగతి ఆలోచించలేదు. అయినా అడ్జస్టబుల్ బ్లాకు ముందే ఉందన్న కారణంతో మనసు 18 వైపే ఉంది. బ్రేకు ఎలాంటిది చూడాలి? ట్రిగ్గర్ 3 పౌన్ల సింగిల్ స్టేజ్ పెట్టించవచ్చా? స్కోపు ప్రశ్న ఇంకా మిగిలింది.

గ్యాస్‌ట్యూబ్:

బ్రేకు చేసేవి రెండు పనులు: వెనక్కి తన్నడం తగ్గించడం, మజిల్ లేవకుండా కిందికి నెట్టడం. పైన ఎక్కువ రంధ్రాలున్నవి తేలిక లోడుతో మజిల్‌ని కిందికి నొక్కేస్తాయి, డాట్ ప్రతి షాట్‌కీ టార్గెట్ కింద తేలుతుంది. కాబట్టి గ్యాస్ ట్యూన్ చేశాకే బ్రేకు మంచిచెడ్డలు తేల్చండి. ముందు బ్రేకు మార్చి తర్వాత గ్యాస్ ముట్టుకుంటే మొదటికొస్తుంది.

సేఫ్టీఆన్:

ట్రిగ్గర్‌కి సమాధానం ఇది. మామూలు మిల్-స్పెక్ ట్రిగ్గర్ 5.5 పౌన్లకు పైనే ఉంటుంది, గరుగ్గా కూడా లాగుతుంది, కాబట్టి మార్చడం సబబే. 3 నుంచి 3.5 పౌన్ల సింగిల్ స్టేజ్ క్యాసెట్ రకం బాగా పనిచేస్తుంది. టూ-స్టేజ్ అలవాటుంటే దూరపు పలకలకు అది నిదానం ఇస్తుంది. అంతకంటే తగ్గించకండి. స్ప్రింగులు కత్తిరించి, సియర్ (హ్యామర్‌ని ఆపి ఉంచే భాగం) అరగదీసి మెత్తబరిచిన ట్రిగ్గర్ ఒక్కోసారి ఒకే లాగుకి రెండు షాట్లు వేస్తుంది. రేంజ్‌లో అది ప్రమాదం, అలాంటి రైఫిల్‌ని పోటీ నుంచి తప్పిస్తారు.

కొత్త ట్రిగ్గర్ బిగించాక, చాంబర్ ఖాళీగా ఉందని రెండుసార్లు కంటితో, వేలితో చూసి ఈ పరీక్ష చేయండి. బోల్ట్ లాగి వదలండి, సేఫ్టీ పెట్టి ట్రిగ్గర్ గట్టిగా లాగండి, హ్యామర్ పడకూడదు. లాగడం వదిలి సేఫ్టీ తీయండి, అప్పుడు కూడా పడకూడదు. ఇప్పుడు ట్రిగ్గర్ లాగండి, పడాలి. లాగిన వేలు వదలకుండా బోల్ట్ లాగి వదలండి, ఆ తర్వాత నెమ్మదిగా వేలు వదలండి. టక్కున రీసెట్ వినిపించాలి, హ్యామర్ మాత్రం పడకూడదు. ఇందులో ఒక్కటి తప్పినా ఆ రైఫిల్‌లో రౌండు పెట్టకండి, ఆర్మరర్‌కి చూపించండి.

సేఫ్టీ విషయంలో మల్టీగన్‌కే ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. స్టేజ్ మధ్యలో రైఫిల్‌ని డంప్ బ్యారెల్‌లో (తుపాకీని వదిలి వెళ్లే పీపా) పెట్టి పిస్టల్ తీయాలి. అలా వదిలేటప్పుడు రైఫిల్ పూర్తిగా ఖాళీగా అన్నా ఉండాలి, సేఫ్టీ అన్నా పడి ఉండాలి. లేకపోతే డిస్‌క్వాలిఫై. తొందరలో బొటనవేలు సేఫ్టీని సగం వరకే నెడుతుంది. అందుకే రెండు వైపులా లివర్ ఉన్న, క్లిక్ స్పష్టంగా తెలిసే సేఫ్టీ కొనండి. మెత్తగా జారిపోయే రకం ఇక్కడ పనికిరాదు. మ్యాగజీన్ ఖాళీ అయి బోల్ట్ వెనక నిలిచి ఉందని మీ లెక్క చెప్పినా, డంప్ బ్యారెల్‌లో పెట్టేముందు కళ్లతో చూడండి.

స్కోపు. మీ దూరాలకు 1-6 చాలు. 300 గజాల పలక 6 రెట్లలో చక్కగా కనిపిస్తుంది. సెకండ్ ఫోకల్ ప్లేన్‌లో 1 రెట్టు దగ్గర రెటికిల్ (లోపలి గురిగీతలు) లావుగా, స్పష్టంగా ఉంటుంది, దగ్గరి టార్గెట్లకు అదే కావాలి. ఒక్క షరతు: దాని హోల్డ్ గుర్తులు (దూరాన్ని బట్టి ఎంత పైకి పట్టాలో చూపేవి) సాధారణంగా పూర్తి జూమ్‌లోనే నిజం. 4 దగ్గర ఆపి 6 గుర్తులతో కాలిస్తే తప్పిపోతుంది. ఫస్ట్ ఫోకల్‌లో గుర్తులు ఏ జూమ్‌లోనైనా సరిపోతాయి గాని, 1 దగ్గర రెటికిల్ సన్నగా మారిపోతుంది. మధ్యాహ్నపు ఎండలో దాని వెలుతురు చాలకపోతే అసలు కనిపించదు. కొనేముందు ఎండలోకి తీసుకెళ్లి తెల్ల గోడ మీద చూడండి. రెండు కళ్లూ తెరిచి, 1 రెట్టులో, తలుపు అంచు వైపు కూడా చూడండి. స్కోపులో కనిపించే అంచు, బయట కనిపించే అంచు ఒకే గీతగా కలవాలి. ఎగిరినట్టు పక్కకి జరిగితే అది నిజమైన 1 రెట్టు కాదు, దగ్గర టార్గెట్లలో కళ్లు తడబడతాయి.

మౌంట్‌ని అప్పర్ రైలు మీదే పెట్టండి, సగం హ్యాండ్‌గార్డ్ మీదికి రానివ్వకండి. బిగించేముందు రైలు గాడిలో ముందుకు నెట్టి పట్టుకోండి. రింగుల స్క్రూలు సాధారణంగా 15–18 అంగుళం-పౌండ్లు, కింది అడ్డ బోల్టులు చాలా మౌంట్లకు 65 దాకా. మీ మౌంట్ తయారీదారు ఇచ్చిన అంకెదే చివరి మాట. రింగులు ఎక్కువ బిగిస్తే ట్యూబ్ నొక్కుకుపోయి జూమ్ రింగు బిగుసుకుంటుంది. బిగించాక ప్రతి స్క్రూ మీదుగా పెయింట్ పెన్నుతో ఒక గీత గీయండి. డంప్ బ్యారెల్‌లో స్కోపుకి తగిలే దెబ్బలు తక్కువేం కాదు, గీత విరిగిందంటే వదులైందని చూడగానే తెలుస్తుంది.

అడ్డగాలి:

జీరో గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. స్కోపు మధ్యరేఖ బ్యారెల్ మధ్యరేఖకు 2.6 అంగుళాల పైన ఉందని, 55 గ్రెయిన్ సెకనుకు 3,050 అడుగుల వేగంతో పోతోందని అనుకుందాం. 50 గజాల జీరోతో బుల్లెట్ దారి ఉజ్జాయింపుగా ఇలా ఉంటుంది: 7 గజాల దగ్గర గురి కంటే 2 అంగుళాల పైచిలుకు కింద, 25 దగ్గర ఒక అంగుళం పైచిలుకు కింద, 100 దగ్గర అంగుళంన్నర పైన, 200 దగ్గర మళ్లీ దాదాపు మధ్యలో, 300 దగ్గర 6–7 అంగుళాల కింద, 400 దగ్గర రెండడుగుల కింద. అంటే 200 దాకా పలక మధ్యలో పెట్టి కాల్చేయొచ్చు, ఆలోచించే పని లేదు. 100 జీరో అయితే 200కే 2–3 అంగుళాలు, 300కి 11 దాకా పట్టుకోవాలి. మీ స్టేజీలకు 50 సరి. కానీ 50 దగ్గర జీరో చేసి వదిలేయకండి. అక్కడ పావు అంగుళం తప్పు 300 దగ్గర అంగుళంన్నర అవుతుంది. 200 దగ్గర నిర్ధారించుకోండి. పై అంకెలు కూడా మీ రైఫిల్‌తో, మీ రౌండుతో కాల్చి సరిచూసుకోవాల్సినవే.

ఆ 7 గజాల 2 అంగుళాలను తేలిగ్గా తీసుకోకండి. టార్గెట్ తల మాత్రమే కనిపించి కింద నో-షూట్ (కాల్చకూడని టార్గెట్) ఉన్నప్పుడు, నుదుటి మధ్యలో డాట్ పెడితే బుల్లెట్ గెడ్డం వైపు, ఇంకా దగ్గరైతే నో-షూట్ అంచులోకి పోతుంది. దగ్గరైతే ఎత్తి పట్టాలి, అది చేతికి అలవాటు కావాలి.

55 గ్రెయిన్ 200 దాకా చాలు. 300లో గంటకు 10 మైళ్ల అడ్డగాలి దాన్ని దాదాపు ఒక అడుగు పక్కకు తోస్తుంది, అదే గాలికి 77 గ్రెయిన్ 8 అంగుళాల దగ్గర ఆగుతుంది. 400లో ఈ తేడా పలక దొరకడానికి, దొరకకపోవడానికి మధ్య తేడా. కొందరు దగ్గరకు 55, దూరానికి 69 లేదా 77 వేర్వేరు మ్యాగజీన్లలో ఉంచుకుంటారు. అలా చేస్తే జీరో ఒకదానితో పెట్టి, రెండోది 50లో, 200లో, 300లో ఎక్కడ పడుతోందో రాసుకోండి. రెండిటిదీ ఒకటే దారి అనుకుంటే దెబ్బతింటారు. పవర్ ఫ్యాక్టర్ లెక్క చూసే పోటీ అయితే గ్రెయిన్లను అడుగుల వేగంతో గుణించి 1000తో భాగించండి: 55 గ్రెయిన్, 3,000 అడుగులైతే 165. మైనర్‌కి కావాల్సిన 150 దాటుతుంది.

పచ్చ మొన ఉన్న 62 గ్రెయిన్ ఎం855 కొనకండి. దాని లోపల ఉక్కు మొన ఉంటుంది, పలకలను గుంటలు పొడుస్తుంది. చాలా పోటీల్లో అయస్కాంతం పెట్టి చూసి, అంటుకున్న రౌండ్లను పక్కన పెట్టిస్తారు.

ఉక్కుపలక:

కొన్నాక మొదటి రోజే చూసుకోవాల్సినవి రెండు మూడు ఉన్నాయి. గ్యాస్ కీ (క్యారియర్ మీద గ్యాస్ అందుకునే భాగం) స్క్రూలు, క్యాజిల్ నట్ (స్టాక్ గొట్టాన్ని బిగించే నట్) రెండిటికీ అంచు లోహాన్ని పంచ్‌తో కొట్టి స్టేక్ చేశారో లేదో చూడండి. గ్యాస్ కీ వదులైతే గ్యాస్ లీకై రైఫిల్ షార్ట్-స్ట్రోక్ అవుతుంది (బోల్ట్ పూర్తిగా వెనక్కి పోదు), మీరేమో గ్యాస్ బ్లాకుని అనుమానిస్తూ క్లిక్‌లు తిప్పుతూ కూర్చుంటారు. బోల్ట్‌ని ముందుకు పూర్తిగా లాగి, క్యారియర్‌ని బోల్ట్ ముఖం మీద నిలబెట్టండి. క్యారియర్ తన బరువుకే కిందికి జారితే గ్యాస్ రింగులు అరిగినట్టే. తేలిక క్యారియర్‌తో ఈ పరీక్ష కొంచెం ఉదారంగా ఉంటుంది కాబట్టి జారకపోయినా కొన్ని వేల రౌండ్లకు రింగులు మార్చేయండి.

30 రౌండ్ల మ్యాగజీన్లలో 28 మాత్రమే పెట్టండి. మూసిన బోల్ట్ కింద నిండు మ్యాగజీన్ పెడితే లాక్ పడకుండా నిలబడి, మొదటి షాట్ తర్వాత జారి పడుతుంది. పెట్టాక ఒకసారి కిందికి లాగి చూడండి. ప్రతి మ్యాగజీన్‌కి నంబర్ రాయండి. సాధనలో ఏ నంబరు దగ్గర ఫీడింగ్ తడబడిందో గుర్తించి దాన్ని పోటీ సంచిలోంచి తీసేయండి. సంచిలో స్ప్రింగ్‌తో సహా ఒక విడి ఎక్స్‌ట్రాక్టర్, ఒక ఫైరింగ్ పిన్, గ్యాస్ రింగులు, కాటర్ పిన్, ఆయిల్ సీసా, మీ మౌంట్‌కి సరిపోయే టార్క్ రెంచ్ ఉంటే చాలు.